మతూష్ వియన్నా వెళ్లాడు

వ్లతావా నది గట్టు దాటి ప్రాగ్ నగరంలో మెట్రో సొరంగాల్లోకి దిగిన ఏడాది అది. ఆ అక్టోబరులో ఒక ఆదివారం, క్రుమ్లోవ్ కోట కింద ఫోను డబ్బాలో నిలబడి నూనో అబద్ధం చెబుతున్నాడు.

“బురుజెక్కాడు పిన్నీ. ఫొటోలు తీస్తున్నాడు. దిగమంటే దిగడు.”

“మళ్లీనా? పోయిన వారం చర్చి గోపురం, ఈ వారం బురుజు. వాడు మనిషా, కోతా?” అవతల ఇర్మా నవ్వింది. “ఏం తిన్నారు?”

“బంగాళాదుంప అట్లు. మా పళ్లేల్లోవి కూడా వాడే లాక్కు తిన్నాడు.”

“తింటాడు, తింటాడు. సరే విను. శనివారం నేనే వస్తున్నా. ఆపరేషను ముందు ఒక్కసారి మిమ్మల్ని చూడాలి.”

నూనో రిసీవరు చేత్తో మూశాడు. పక్కనే ఉన్న లెంకా వంక చూశాడు. ఆమె ముఖం పాలిపోయింది.

“శనివారమా? శనివారం వాడు వియన్నా వెళ్తున్నాడు పిన్నీ. మేష్టారితో. వంతెనలు చూడ్డానికట.”

“తల్లి వస్తుంటేనా? దొంగవెధవ! పోనీలే, మీరున్నారుగా.”

మతూష్ ఆగస్టులోనే పోయాడు. ఆ వరదకి అడ్డంగా ఇసుక బస్తాలు వెయ్యడానికి రేవుకి వెళ్లినవాడు, కాళ్ల కింది గట్టుతో పాటే కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. కబురు కొషిత్సెలో ఉన్న మేనమామకి అందింది. ఆయన ఫోనులో ఏడ్చాడు. “మా అక్క గుండె అంతంతమాత్రం. నవంబరులో కోస్తారు. ఈలోగా తెలిస్తే మనిషి దక్కదు. మీకు దణ్ణం పెడతా, అందాకా వాణ్ణి బతికించండి.”

మతూష్ ఆ ఇద్దరితో కలిసి చదువుకుంటూ నూనో గదిలో ఉన్న రోజుల్లోనూ ఫోను దగ్గరికి రమ్మంటే వచ్చేవాడు కాదు. “నువ్వు మాట్లాడు, నీ వచ్చీరాని భాషకి మా అమ్మ నవ్వుతుంది” అని నూనోని ముందుకి తోసేవాడు. ఆ అలవాటే ఇప్పుడు అక్కరకొచ్చింది.

గదిలో కూర్చుని అబద్ధమాడబోతే మాట పెగల్లేదు. అందుకే ఇద్దరూ వారం వారం ఊళ్లు తిరిగారు. కొత్త ఊరు కళ్ల ముందుంటే మతూష్ ఎక్కడ ఎక్కేవాడో, ఏం కూసేవాడో అదే నోటికొచ్చేది. రైల్లో కిటికీ పక్క సీటు మీద సంచి పెట్టేవారు. ఎవరైనా అడిగితే, “మనిషున్నాడు” అనేది లెంకా.

శనివారం ఇర్మా ప్రాగ్‌లో దిగింది. పిట్టంత మనిషి, తనకంటే పెద్ద సంచి. దిగీదిగగానే నూనోకీ లెంకాకీ చెరో ఉన్నిమేజోళ్ల జత ఇచ్చింది. తనే అల్లింది.

“వాడికో?” అని నూనో అడిగేశాడు.

“వాడికి బోలెడున్నాయిలే. ముందు గది చూపించు. ఎంత కంపు చేశారో చూడాలి.”

మతూష్ బల్ల మీద సీసాలో ఒక ఎండు గులాబీ ఉంది. ఇర్మా దాన్ని ముట్టుకుంది. “ఇదేమిటి?”

“నా పుట్టినరోజుది,” అంది లెంకా. “ఈ పోర్చుగల్ పిల్లాడు నాలుగు గులాబీలు తెచ్చాడు పిన్నీ! నన్ను పాతిపెడతావా అని వాటితోనే వీపు మీద బాదాను.”

“మా దేశంలో ఎవరూ లెక్కపెట్టరు,” నూనో గొణిగాడు.

“ఇక్కడ పెడతారు నాయనా. బతికున్నవాళ్లకి బేసి, పోయినవాళ్లకి సరి. తర్వాత?”

“మతూష్ ఒకటి లాగి చెవిలో పెట్టుకున్నాడు. ‘ఇప్పుడు బతికావు పో’ అన్నాడు.”

ఇర్మా పడీపడీ నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ కుత్నా హోరా అనే ఊరు వెళ్లారు. రైలు ఎల్బే నది వెంట పోతున్నంతసేపూ ఇర్మా అల్లిక మీద నుంచి తల ఎత్తలేదు. అక్కడి గుళ్లో గోడల నిండా ఎముకలే. పాత సమాధుల్లోంచి తీసిన వేలమంది పుర్రెలు పేర్చి ఉన్నాయి.

“వాడు ఇది చూడాలని ఎంత అనేవాడో...” అని నూనో నాలుక కరుచుకున్నాడు. ఇర్మా విననట్టే సంచిలో జేబురుమాలు వెతుక్కుంటోంది.

లెంకా అతణ్ణి పక్కకి లాగింది. “నా వల్ల కాదు నూనో. చెప్పేద్దాం.”

“ఇక్కడే గుండె ఆగితే? నెల ఓపిక పట్టు.”

ఇర్మా పుర్రెల ముందు నిలబడి శిలువ గుర్తు వేసుకుంది. “అదృష్టవంతులు,” అంది. “అందరూ ఒక్కచోట ఉన్నారు.”

ముసలాళ్లకి చావంటే భయం ఉండదు కాబోలనుకున్నాడు నూనో.

స్టేషను బయట పూలమ్మే ఆమె దగ్గర ఇర్మా డాలియాలు ఏరుకుంది.

“ఇంకొకటి వేసుకోమ్మా,” అంది పూలమ్మే ఆమె.

“వద్దు. చాలు.”

పూలమ్మే ఆమె ఇర్మా ముఖంలోకి చూసింది. ఇంకేం అనకుండా కాగితంలో చుట్టి ఇచ్చింది. డబ్బు దగ్గర పిన్ని గట్టిదే అనుకుని నూనో నవ్వుకున్నాడు.

“వాడి బల్ల మీద పెట్టు,” అని గుత్తి అతని చేతికిచ్చింది.

సాయంత్రం ప్రాగ్ స్టేషనులో బండి కదిలే ముందు ఇర్మా కిటికీలోంచి వంగి ఇద్దరి చెంపలూ నిమిరింది. “బాగా చిక్కిపోయారర్రా. ఇక నిద్రపోండి. ఆదివారం ఫోను మాత్రం మానకండి. వాడు ఏ గోపురం ఎక్కాడో నాకు చెప్పాలి.”

బండి వెళ్లిపోయాక లెంకా బెంచీ మీద కూలబడింది. “నమ్మింది,” అంది. నూనో తలూపాడు. గదికొచ్చి కాగితం విప్పకుండానే గుత్తిని మరో సీసాలో నిలబెట్టి, చాలా రోజుల తర్వాత ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున, నీళ్లు మార్చడానికి కాగితం విప్పి పువ్వుల్ని మతూష్ బల్ల మీద ఒక్కొక్కటే పరిచాడు.

ఆరున్నాయి.