బెరడు తప్పిన దుంగ

చెరువులోకి కొత్తగా ఒక దుంగ కొట్టుకొచ్చింది. దానిమీద కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుందామని బాతులన్నీ బయలుదేరాయి. చుక్కల బాతు మాత్రం గట్టుమీదే ఆగిపోయింది.

"దీని బెరడు తప్పు. గీతలు పొడుగునా ఉండాలి. ఇవి అడ్డంగా ఉన్నాయి."

"దీనితో ఎప్పుడూ ఇదే గొడవ! ఆఖరికి దుంగకు కూడా వంకలు పెడుతోంది," అన్నాయి మిగతావి.

"దుంగ ఎలా ఉంటుందో నాకు గుర్తే రావడం లేదర్రా. కాస్త పిల్లను చూడనివ్వండి," అంది ముసలి బాతు.

చుక్కల బాతు దుంగ చుట్టూ ఈదింది. "దుంగకు కళ్ళుండవు. పళ్ళు అసలే ఉండవు."

"బాగా కుదరలేదా?" అంది దుంగ సిగ్గుపడుతూ. అది మొసలి!

బాతులన్నీ కేకలు పెడుతూ గట్టెక్కాయి. చుక్కల బాతు కదల్లేదు. తప్పును తప్పుగా వదిలేసి వెళ్ళడం దానికి చేతకాదు.

"కళ్ళు మూసుకో మామా. నోరు కూడా. తోక ఆడించకు. ఆ అడ్డగీతల మీద నాచు కప్పుకో."

చెప్పినట్టల్లా చేసింది మొసలి. ఇక ఇది అచ్చం దుంగేనని చుక్కల బాతు ఒప్పుకున్నాక, మిగతావి నిశ్చింతగా దాని వీపెక్కాయి.

"ఇప్పుడు ఒకదాన్ని తిననా?" అంది మొసలి, మూసిన నోటితోనే.

"దుంగలు తింటాయా?" అంది చుక్కల బాతు. "మాట్లాడవు కూడా."

మొసలి 'నిజమే' అనబోయి, ఆగిపోయింది.