మనవాళ్ళ వైపు

మ్యూజియం సెక్యూరిటీ గేటు కుయ్‌మంది.

దేవకుమార్ బెల్టు విప్పాడు. మళ్ళీ కుయ్‌మంది. వెనక క్యూ పెరిగిపోతోంది.

"జేబులో తాళాలేమైనా ఉన్నాయేమో చూసుకోండి అన్నయ్యగారూ," అని వెనకనుంచి తెలుగు వినిపించింది.

నిజమే. ప్లెయిన్స్‌బరోలో అతని కిరాణా కొట్టు తాళాల గుత్తి. "కొట్టు తాళాలండీ," అన్నాడు. అది పళ్ళెంలో పెట్టాక గేటు నోరు మూసుకుంది. వెనక్కి తిరిగితే బూడిదరంగు జాకెట్‌లో, యాభై దాటిన ఒకావిడ నవ్వుతోంది.

"ఫిలడెల్ఫియా వచ్చినా కొట్టు వదల్లేదన్నమాట."

ఇద్దరూ కలిసే నడిచి లిబర్టీ బెల్ అనే ఆ పాత గంట ముందు నిలబడ్డారు. దేవకుమార్ గంట చుట్టూ తిరిగి, దాని పగులును నిదానంగా చూశాడు.

"నా కొట్లో అయితే డ్యామేజీ సరుకని వెనక్కి పంపేవాణ్ణి. వీళ్ళు ఆ పగులునే చూపించి ఊరికి ఇన్ని బేరాలు తెచ్చుకున్నారు."

ఎదురుగా ఇండిపెండెన్స్ హాల్. స్వాతంత్ర్య ప్రకటన మీద పెద్దలంతా సంతకాలు చేసిన చోటు.

"అంతమంది ఒక్క కాగితానికి ఒప్పుకున్నారా? మా తెలుగు చర్చిలో కార్పెట్ రంగు మీద కూడా ఒక మాటకి రాలేకపోయాం."

ఆవిడ పడీపడీ నవ్వింది. "ఇవన్నీ చూడ్డానికే వచ్చారా?"

"ఇది కొసరండీ. అసలు పని రగ్బీ మ్యాచ్. మధ్యాహ్నం కాలేజీ అమ్మాయిల ఫైనల్. మా ఫెబీ ఆడుతోంది."

"నేనూ అక్కడికే."

"అయితే నా కార్లో రండి."

కొట్లో అడుగుపెట్టిన ప్రతివాడి ఊరూ పేరూ ఆరా తీసే మనిషి, ఆవిణ్ణి మాత్రం ఏమీ అడగలేదు. అడగడానికేముంది? అమెరికా ఆడపిల్లల రగ్బీకి ఒక తెలుగావిడ వస్తోందంటే, అక్కడున్న ఒక్కగానొక్క తెలుగుపిల్ల కోసం కాక ఇంకెవరికోసం? చర్చిలో ఎవరో చెప్పి ఉంటారు.

"మా అమ్మాయికి ఇదే ఆఖరి ఆటండీ," అన్నాడు డ్రైవ్ చేస్తూ. "ఎముకలు విరగ్గొట్టుకునే ఆట. మానెయ్యమన్నాను. 'ఒక్క మ్యాచ్ వచ్చి చూడు డాడీ, చూశాక కూడా వద్దంటే క్విట్ చేసేస్తా' అంది. బేరం కుదిరింది. చూస్తాను, వద్దంటాను."

"చూడకముందే లెక్క తేల్చేశారే."

"నష్టం వచ్చే సరుకు మూట విప్పకముందే తెలుస్తుందమ్మా."

మైదానం చుట్టూ తాడు కట్టి ఉంది. ఆవిడ అవతలి వైపుకి అడుగేయబోయింది.

"అటు కాదు, అది వాళ్ళ వైపు. ఇటు రండి, మనవాళ్ళ వైపు."

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. ఏమనుకుందో, ఇటే వచ్చింది.

ఆట మొదలైంది.

"ముందుకి పరిగెడుతూ బంతి వెనక్కి ఇస్తారేంటండీ?"

"ముందుకి విసరకూడదు. వెనక మనవాళ్ళు వస్తున్నారని నమ్మి ఇవ్వాలి."

"అరువు బేరమన్నమాట."

"అలాగే అనుకోండి."

అవతలి జట్టులో ఎనిమిదో నంబరు పిల్ల, రాగిరంగు జుట్టు, తాటిచెట్టంత పొడుగు. బంతి ఎక్కడుంటే అక్కడ తేలుతోంది. ఫెబీని వదిలిపెట్టకుండా పడగొడుతోంది.

"దున్నపోతు," అన్నాడు దేవకుమార్ పళ్ళు కొరుకుతూ. "కన్నతల్లి ఏం పెట్టి పెంచిందో."

"పెరుగన్నమే పెట్టి ఉంటుంది లెండి," అంది ఆవిడ, మైదానం మీంచి చూపు తిప్పకుండా.

అంత కోపంలోనూ అతనికి నవ్వొచ్చింది.

ఆట చివరికొచ్చేసరికి ఫెబీ జట్టు మూడు పాయింట్లు వెనకబడి ఉంది. అప్పుడే ఎనిమిదో నంబరు మళ్ళీ వచ్చి గుద్దుకుంది. ఫెబీ వెల్లకిలా పడింది. లేవలేదు.

దేవకుమార్ తాడు కిందనుంచి దూరబోయాడు. ఆవిడ అతని చొక్కా పట్టి వెనక్కి లాగింది.

"వదలండి. నా కూతురది."

"కాళ్ళూ చేతులూ కదులుతున్నాయి, చూడండి. ఊపిరాడక పడింది. నేను నర్సునండీ. అదిగో, డాక్టరమ్మ వెళ్తోంది. ఇంతమందిలో మీరు చెయ్యి పట్టుకుని లాక్కొస్తే, ఆ పిల్ల జన్మలో మళ్ళీ ఆ గడ్డి మీద నిలబడలేదు."

"నాక్కావలసిందీ అదే."

"తనకి కావలసిందో?"

ఆవిడ తాడు మీదికి వంగి, గొంతెత్తి పిలిచింది.

"ఫెబీ, లే తల్లీ. లేచి ఆడు."

ఫెబీ తల ఇటు తిరిగింది. డాక్టరమ్మ అడిగినవాటికి జవాబులు చెప్పింది. ఊడిన జుట్టు బిగించి కట్టుకుంది. లేచింది.

అవతలి వైపువాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

కాసేపటికి బంతి ఫెబీ చేతికొచ్చింది. ఎదురుగా ఎనిమిదో నంబరు. ఫెబీ ఎడమకి వంగినట్టే వంగి, కుడికి దూసుకుపోయింది. రాగి జుట్టు పిల్ల చేతులకి గాలే చిక్కింది. గీత దాటి ఫెబీ బంతిని నేలకి అదిమింది. ఐదు పాయింట్లు. ఆట అయిపోయిందని పొడుగాటి ఈల.

దేవకుమార్ గెంతాడు. పక్కనున్న ముక్కూమొహం తెలియని తెల్లాయన్ని కావలించుకున్నాడు. సొంత కొట్టు తెరిచిన రోజున కూడా అతనికింత సంబరం లేదు. ఆవిడా చప్పట్లు కొడుతోంది. కళ్ళు తడిగా ఉన్నాయి. సంతోషం కాబోలనుకున్నాడు.

బురద మొహంతో, చేతిలో కప్పుతో ఫెబీ వచ్చింది.

"సో, డాడీ? క్విట్ చెయ్యాలా?"

"ఎవరు చెయ్యమన్నారు? నీ మ్యాచ్ ఉన్నప్పుడల్లా కొట్టు మూసేసి వస్తాను."

"కొట్టు మూస్తావా? నువ్వా?"

"అంతా ఆవిడ చలవ. నిన్ను లెమ్మని పిలిచిందే, ఆవిడ. పట్టుకోకపోతే నేనొచ్చి నిన్ను లాక్కుపోయేవాణ్ణి. నీకెలా తెలుసు ఆవిడ?"

"నాకు తెలీదు డాడీ. నీతో వచ్చిన ఆంటీ అనుకున్నా."

దేవకుమార్ పక్కకి చూశాడు. ఆవిడ లేదు. చుట్టూ వెతికాడు.

మైదానం అవతల, బయల్దేరబోతున్న ఓడినవాళ్ళ బస్సు మెట్ల దగ్గర, ఎనిమిదో నంబరు పిల్ల ఆ బూడిదరంగు జాకెట్‌లో మొహం దాచుకుని "అమ్మా, అమ్మా" అంటూ వెక్కుతోంది.