నీళ్ళు పోసిన ధూపం

ఊరి వెనక కొండ అంటుకున్నప్పటి నుంచి గుడియాత్తంలో సూర్యుడు పసుపుముద్దలా ఊరికే వేలాడుతున్నాడు.

తెల్లటి పొగలో ఎదురిళ్ళు ఉన్నట్టూ లేనట్టూ ఉన్నాయి. ఎవరైనా నడిచి వస్తుంటే తేలివస్తున్నట్టుంది.

చౌడేశ్వరి గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్ళోని చేటలో ఆకుల మీద బూడిద రాలుతోంది.

పక్కనే ఆమె మూడేళ్ళ కూతురు పవిత్ర బొమ్మను నిద్రపుచ్చుతూ తనే రొప్పుతోంది. ఆ చిన్న గొంతులోంచి పిల్లికూతలు వస్తున్నాయి.

పొగలోంచి ఒకతను తేలివచ్చాడు. చేతిలో ధూపం చట్టి, చంకలో నెమలీకల విసనకర్ర. శుక్రవారాలు ఇల్లిల్లూ తిరిగి సాంబ్రాణి వేసే సాయిబు, ఆ వైపు మాటలో 'బాయ్'. ఈ వీధికి మాత్రం కొత్త.

చౌడేశ్వరి అత్త మునియమ్మ ముఖం విప్పారింది.

"రా నాయనా, మంచి టయానికి వచ్చినావు. పాపకు మూచ్చు ఆడ్డంల్యా, ఊపిరి అందడంల్యా. బాగా పొగ పట్టు, చెడుగాలి పోతాది."

ఆ వీధిలో పిల్లలు పెరిగేదే సాంబ్రాణిలో. తలంటితే పొగ, తుమ్మితే పొగ, దిష్టి తగిలితే ఇంకాస్త పొగ.

అతను చట్టి దించాడు. అందులో నిప్పులు లేవు. నీళ్ళున్నాయి.

నెమలీకలు ముంచి, వాకిట్లో వేలాడుతున్న లుంగీగుడ్డ మీద చల్లాడు.

"పొగ వద్దమ్మా. కిటికీలకు తడిగుడ్డలు కట్టండి. బిడ్డను ఈ పొద్దే వేలూరు ఆస్పత్రికి ఎత్తుకపోండి."

మునియమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఇదేందప్పా! టీ అంగడోడే టీ తాగొద్దన్నట్టుండాది. బొగ్గులు ఊదేదానికి ఒళ్ళు వంగలేదా, సోంబేరీ?"

తనే లోపలికెళ్ళి కుంపటి తెచ్చింది. అతను దారికి అడ్డం నిలబడ్డాడు.

"అవ్వా, నీ కాళ్ళు మొక్కుతా. వద్దు."

"జరుగు!"

అతను చట్టిలోని నీళ్ళు కుంపట్లో గుమ్మరించాడు. నిప్పులు సుయ్యిమన్నాయి.

మునియమ్మ కళ్ళు మాత్రం ఆరలేదు.

"శుక్రవారం పూట నా ఇంట్లో నిప్పార్పుతావా? నీకూ ఒక బిడ్డుంటే తెల్సుంటాది, బిడ్డకు ఆయాసమొస్తే కన్నోళ్ళకు ఎట్టుంటాదో!"

అతను వంగాడు. విసనకర్రను పవిత్ర చేతిలో పెట్టాడు. దాని పిడికి గులాబీరంగు రిబ్బను చుట్టి ఉంది.

పిల్ల దాన్ని ఊపుతూ నవ్వింది. అతను పొగలోకి వెళ్ళి, పొగైపోయాడు.

"అత్తా, ఆయప్ప చెప్పినట్టు..." అంది చౌడేశ్వరి.

"నీ మొగుణ్ణి ఈ పొగతోనే పెంచినా. ఊరుకో!"

కొత్త బొగ్గులు రాజుకున్నాయి. సాంబ్రాణి గుప్పుమంది. మునియమ్మ మనవరాల్ని ప్రేమగా, రెండు చేతులా, ఆ పొగ మీద పట్టుకుంది.

పిల్ల దగ్గింది. తర్వాత దగ్గడానికి కూడా గాలి అందలేదు. పెదాలు నేరేడుపండ్ల రంగుకు తిరిగాయి.

చౌడేశ్వరి పిల్లను లాక్కుని పరుగెత్తింది. వెనకే మునియమ్మ, చెప్పులు కూడా లేకుండా. షేరాటో, ఆపైన బస్సు.

పళ్ళికొండ దాటాక ఆకాశం నీలంగా కనిపించింది. పిల్ల గుప్పిట్లో నెమలీకలు మాత్రం మెల్లగా ఊగుతున్నాయి.

వేలూరు ఆస్పత్రిలో నర్సు జెసింత పాప ముక్కుకు మాస్కు పెట్టింది. అందులోంచి తెల్లగా ఆవిరి లేచింది.

మునియమ్మ మాస్కుకు చెయ్యి అడ్డం పెట్టబోయింది. "ఇదీ పొగే గదా తల్లీ?"

"పొగ గాదవ్వా, మందు. ఇంట్లో సాంబ్రాణి పట్టినారా?"

మునియమ్మ తల వంచుకుంది.

కాసేపటికి పిల్లికూతలు సద్దుమణిగాయి. పవిత్ర పెదాలకు రంగొచ్చింది. కళ్ళు మూసుకుని, కలలో ఏదో చూసినట్టు నవ్వింది.

అప్పుడు ఏడ్చింది మునియమ్మ. వెక్కివెక్కి ఏడ్చింది.

"ఆ బాయ్ చెప్పినాడు తల్లీ, నేనే తిట్టి తరిమినా. వచ్చే శుక్రవారం రానీ, చేతులు పట్టుకుని కూర్చోబెట్టి అన్నం పెడతా. యాడుంటాడో ఏమో!"

జెసింత విసనకర్ర అందుకుంది. పిడికి చుట్టిన రిబ్బను మీద వేలు ఆనించి అలాగే నిలబడిపోయింది.

"ఇంక మీ వీధికి రాడేమో అవ్వా. కొండ యాడ కాలితే ఆ ఊరికి పోతా ఉంటాడంట."

"నీకు తెలుసునా ఆయప్ప?"

"పోయిన ఎండల్లో తన బిడ్డకు మేలని తన చేత్తోనే సాంబ్రాణి పట్టి, ఇదే మంచం కాడికి ఎత్తుకొచ్చినాడు, పోయేటప్పుడు బిడ్డ జడలోని ఈ రిబ్బను ఒక్కటే చేతికిచ్చి పంపినాము."