పొయ్యి పక్క సీటు

"ఆ రింగు పీకెయ్యమ్మా. రేపే ఓపెనింగ్" అంటూ చక్రధర్ స్క్రూడ్రైవర్ అందించాడు.

ధరణి చెయ్యి చాపలేదు. "ఎందుకు పీకాలి అంకుల్?"

చక్రధర్ బోగీ నేల మీద డ్రాయింగు పరిచాడు. కెనడాలో రెజైనా ఊరి పక్కనున్న ఆ చిన్న రైల్వే మ్యూజియంలో పాత చెక్క బోగీ మరమ్మతు ఆ రిటైరైన ఇంజనీరు చేతుల మీదే సాగింది. మూడు వేసవులుగా ఒక్క మేకు కూడా డ్రాయింగుకి తేడా రానివ్వలేదు. ఈ వేసవికి సాయంగా చేరిన యూనివర్సిటీ స్టూడెంట్ ధరణి.

వందేళ్ల కిందట ఓడ దిగిన వలస కుటుంబాలని ఈ ప్రెయరీ మైదానాల పొలాలకి మోసుకొచ్చిన బోగీ అది. పరుపుల్లేని చెక్క సీట్లు. ఎదురెదురు సీట్లు ముందుకి లాగితే రెండూ కలిసి పడక అవుతాయి. ఇంకో పడక కప్పులోంచి కిందికి దిగుతుంది. ఒక కొసన, అందరూ వంతులవారీగా వండుకోవడానికి ఇనప పొయ్యి. ఇవన్నీ డ్రాయింగులో ఉన్నాయి. పొయ్యి పక్క సీటు కింద బిగించిన ఇనప రింగు మాత్రం లేదు.

డ్రాయింగులో లేనిది బోగీలో ఉండకూడదన్నాడు చక్రధర్. రైలు నుంచి తీసేశాక ఏ రైతో దీన్ని కొనుక్కుని కోళ్ల షెడ్డు చేసుకుని ఉంటాడు, కుక్కని కట్టేయడానికి రింగు బిగించుకుని ఉంటాడు అని కూడా అన్నాడు.

రింగు పట్టీ మీద తర్వాతెవరో వేసిన తెల్ల రంగుని నెల కిందట గీకింది ధరణే. దాని అడుగున బోగీ అంతటా ఉన్న పాత గోధుమరంగు వార్నిషే ఉంది. అంటే రైలు తిరిగే రోజుల్లోనే ఆ రింగు అక్కడుంది. ఆ మాటే చెప్పి, గోరుతో చూపించింది.

"సరే. మరి దేనికంటావు?"

"సామానుకి అంకుల్. మన స్లీపర్ బోగీల్లో కింది బెర్తు కింద రింగులుండవా? పెట్టెకి చైను వేసి తాళం పెట్టుకోమూ?"

"నేను స్లీపర్ ఎక్కి నలభై ఏళ్లయింది" అని నవ్వాడాయన. "ఇక్కడ నీ పెట్టె ఎవడు ఎత్తుకెళ్తాడమ్మా?"

ధరణి తొణకలేదు. వంటకి బోగీ మొత్తం ఈ పొయ్యి దగ్గరికే వస్తుంది, రోజుల తరబడి ప్రయాణం, ఈ సీట్లో కూచున్నవాళ్లకి కన్ను మూసే ధైర్యం ఉండదు అని వివరించింది.

చక్రధర్ మోకాళ్ల మీద వంగి, సెల్‌ఫోన్ లైటు వేసి, రింగు లోపల వేలు తిప్పాడు. చైను వేస్తే గీతలు పడేవి, ఇది అరచెయ్యిలా నున్నగా ఉందన్నాడు. అయితే గుడ్డతో కట్టి ఉంటారంది ధరణి.

"దొంగ గుడ్డ కోసుకుపోడూ?"

అయినా ధరణి వెనక్కి తగ్గలేదు.

"ఏదో ఒకటి కట్టారు అంకుల్. చేజారకూడదనే కట్టారు. ఇన్ని సీట్లలో ఈ ఒక్కదాని కిందే రింగుందంటే, వాళ్ల సామాను అంత విలువైనదన్నమాట."

చక్రధర్ డ్రాయింగు చుట్టాడు. ఆ మాటే బోర్డు మీద రాసి పెట్టుకోమన్నాడు. రేపు మ్యూజియం మూసేలోగా ఒక్కరైనా వచ్చి అది నిజమంటే రింగు ఉంటుంది, లేదంటే సాయంత్రం తనే పీకేస్తాడు.

ధరణి ఆ సీటు మీద చిన్న బోర్డు పెట్టింది: 'ఎవరో తమ అతి విలువైన సామానుని ఈ రింగుకి కట్టుకున్నారు.'

మర్నాడు జనం బాగానే వచ్చారు. సీట్లు లాగి చూశారు, పై పడక దింపించుకున్నారు, పొయ్యి దగ్గర ఫొటోలు దిగారు. ఎవరూ వంగి రింగు చూడలేదు. నాలుగున్నరకి చక్రధర్ స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుని బోగీ ఎక్కాడు. ధరణి ఆ సీటు దగ్గరే నిలబడి ఉంది.

అప్పుడే చేతికర్రతో ఒక తెల్ల జుట్టు ఆవిడ మెట్లెక్కింది. కనీసం డెబ్బై ఐదేళ్లుంటాయి. లోపలికి అడుగు పెడుతూనే పొయ్యి ఎటుందని అడిగింది. ధరణి చూపించింది.

"దాని పక్క సీటు కింద రింగు ఇంకా ఉందా?"

చక్రధర్ చెయ్యి జేబులోనే ఆగిపోయింది.

ఆవిడ సీటు అంచు పట్టుకుని మెల్లగా వంగి, రింగుని వేళ్లతో తడిమింది. బోర్డు చదివింది. ఇందులో వచ్చింది తన అమ్మమ్మట. భర్త ముందే వచ్చి పొలం సిద్ధం చేస్తుంటే, ఆమె వెనకాల మగతోడు లేకుండా బయలుదేరిందట. రెండోరోజు ఆమె అవస్థ చూడలేక రైల్లో పనిచేసే మనిషి ఒకడు ఈ రింగు బిగించి ఇచ్చాడట.

ఆవిడ బ్యాగులోంచి వెలిసిపోయిన నేత పట్టీ ఒకటి తీసింది. ఒక కొస రింగులోంచి దూర్చి ముడేసి, రెండో కొస పొయ్యి వైపు లాగింది. అది పొయ్యికి మూరెడు ఇవతల ఆగిపోయింది.

"సరిగ్గా ఇక్కడ ఆగాలని కొలిచి మరీ కుట్టిందట మా అమ్మమ్మ" అంది.

పట్టీ చివర రెండు బొత్తాలతో గుండ్రటి చుట్టు ఉంది. దాని చుట్టుకొలత రెండు జానలు మించదు. ధరణి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత చిన్న చుట్టులో ఏ పెట్టె పడుతుందండీ?"

ఆవిడ బోర్డు వైపు ఇంకోసారి చూసి నవ్వింది.

"అతి విలువైన సామాను అని మీరు రాసింది సరిగ్గానే ఉంది. అప్పటికి మా అమ్మకి రెండేళ్లు."