గుర్తు కొమ్మ

ఆమోస్ ఆ లారెల్ కొమ్మను కోటు లోపల దాచుకుని హెస్టర్ ఇంటి తలుపు తట్టాడు. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఎడ్విన్‌ని సమాధి చేసి మూడు రోజులైంది.

ఆమోస్ మోర్కాంబ్ అఖాతంలో ఇసుక మీదుగా నడిచేవాళ్ళకి దారి చూపేవాడు. సముద్రం పోటు తగ్గి నీళ్ళు తీశాక చేతికర్రతో ఇసుకను పొడిచి చూసుకుంటూ, గట్టిగా ఉన్నచోటల్లా ఒక లారెల్ కొమ్మ నాటుకుంటూ పోతాడు. నిన్న బండి నడిచిన చోటే ఇవాళ ఊబి కావచ్చు. అందుకే ఆ ఒడ్డున పుట్టినవాళ్ళు తమ కళ్ళకన్నా కొమ్మనే నమ్ముతారు.

ఎడ్విన్ కూడా నమ్మాడు. వలలు చూసుకుని వస్తుంటే మంచు కమ్మేసింది. దారి తప్పాడు. ఎక్కడో ఒక కొమ్మ కనిపించేసరికి ప్రాణం లేచొచ్చి ఉంటుంది, అటే నడిచాడు. ఛాతీదాకా దిగబడ్డాడు. ఆ తర్వాత పోటు వచ్చింది. మళ్ళీ నీళ్ళు తీశాక ఆమోస్ వెళ్ళి చూస్తే, కుర్రాడి చేయి ఇంకా ఆ కొమ్మనే పట్టుకుని ఉంది.

అది ఆమోస్ నాటిన కొమ్మ కాదు.

ఎవరు నాటారని ఊరంతా తిరిగి అడిగాడు. అందరూ పట్నం నుంచి వచ్చే పోకిరీల మీదికే తోశారు. హెస్టర్‌కి మాత్రం కొమ్మ సంగతి తెలియనివ్వలేదు. మంచులో దారి తప్పాడనే చెప్పారు. ఆ దుర్మార్గుణ్ణి పట్టుకుని తీరతానని ఆమెకు మాటిద్దామని ఇవాళ వచ్చాడు ఆమోస్. తీరా ఆమె మొహం చూశాక, కుర్రాడి చేతిలోంచి తీసిన ఆ కొమ్మను కోటులోనే ఉంచేశాడు.

హెస్టర్ టీ పోసిచ్చింది. నాలుగేళ్ళ కిందట మొగుడు ఐజాక్‌తో గుల్లలు ఏరడానికి వెళ్ళి, ఆమె ఒక్కతే తిరిగొచ్చింది. అతని శవం కూడా దొరకలేదు. ఇప్పుడు కొడుకు. పగవాళ్ళకి కూడా రాకూడని కష్టం.

"వీడికైనా సమాధంటూ ఒకటి ఉంది" అంది. "వెళ్ళి కాసేపు కూర్చుంటున్నాను."

"ఏం కావాలన్నా నాతో చెప్పు హెస్టర్. మొహమాటపడకు."

ఆమె కప్పు కింద పెట్టింది.

"పిచ్చిదాన్ననుకోకు. దారికి చాలా దూరమేలే, అటు ఎవరూ వెళ్ళరు."

"ఎక్కడికి?"

"ఈసారి ఇసుక మీదికి వెళ్ళినప్పుడు కాస్త చూసిరా ఆమోస్, పోయిన నెల మా పెళ్ళిరోజున ఐజాక్ మునిగినచోట ఒక కొమ్మ నాటొచ్చాను, ఇంకా నిలబడే ఉందో లేదో."