బిందెలు నిండేదాకా

"బోరు కొడుతున్నది నేను వదినె. నీకు బోర్ కొడితే చెప్పు, ఆపేస్త," అన్నాడు దేవన్న, బోరింగు పిడి మీద బరువంతా వేస్తూ.

జయ నవ్వింది. దేవన్న నవ్వలేదు.

జయ మొగుడు సమ్మయ్య రాత్రి గనిలో డ్యూటీ చేస్తూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. తెల్లవారుజామున చంద్రపూర్ దవాఖానలో పోయాడు. శవాన్ని తెస్తున్న జీపు ఏ క్షణానైనా కాలనీకి వచ్చేస్తుంది. లైన్లో నిలబడ్డ ఆడవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. జయకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

కారణం కట్టుబాటు. చావు కబురు చెవిన పడిన గడియ నుంచే ఆ ఇంటికి మైల. దినాలు అయ్యేదాకా ఆ ఇంటివాళ్లు అందరి బోరింగును ముట్టరాదు. అసలే ఎండాకాలం. కాలనీలోకి కేబుల్ టీవీ వచ్చింది గానీ కుళాయి ఇంకా దారిలోనే ఉంది. ఎవరి బిందె వాళ్లకే నిండని చోట పక్కింటికి ఎవరు పోస్తారు? అందుకే కబురు చెప్పేలోపు జయ ఇంట్లో గిన్నె, చెంబుతో సహా నింపేయాలి. ఆమెకు అనుమానం రాకుండా నవ్విస్తూ ఉండాలి. పంపు దగ్గరికి పంపడానికి అందరికీ, సమ్మయ్యతో పాటు గనిలో పనిచేసే మాటకారి దేవన్నే కనబడ్డాడు.

"రేపటి సంది బోరింగు రిపేరట" అని అబద్ధం ఒకటి సిద్ధం చేసుకుని వచ్చాడు. దాంతో పనే పడలేదు. జయ తనంతట తనే బిందెలు, బకెట్లు, పెళ్లినాటి రాగి గంగాళం కూడా తెచ్చి పెట్టింది.

బిందె జరిపితే జుట్టు పట్టుకునే ఈరమ్మ ఇవాళ తనే వెనక్కి తప్పుకుంది.

"ముందుగాల నువ్వే నింపుకో బిడ్డా."

ఎందుకని జయ అడగలేదు.

ధార సన్నబడింది. దేవన్న పిడి వదిలి మొహం తుడుచుకున్నాడు.

"ఏంది దేవన్నా, నీ నోట్ల గూడ నీళ్లెండినయా? ఆపకు. ఏదో ఒకటి చెప్పు," అంది జయ.

"పేరుకే పంపు వదినె. నీళ్లు పంపుమంటే గాలి పంపుతది. అచ్చం మా సూపర్‌వైజర్ లెక్కనే. లీవు అడిగితే ఇంటికి గాదు, ఇంకో షిఫ్టుకు పంపుతడు."

ఆడవాళ్లు తలలు దించుకున్నారు. జయ ఒక్కతే పకపకా నవ్వింది.

మళ్లీ కొట్టాడు. నిండిన బిందె ఇంట్లో దించి, జయ పరుగున వచ్చి ఖాళీది పెట్టేది. గంగాళం నిండింది. ఆఖరి బకెట్ నిండుతుండగా మలుపులో జీపు హారన్ వినబడింది.

దేవన్న చేతులు పిడి మీదే ఆగిపోయాయి.

"వదినె... ఒక మాట..."

"ఇగ జోకులు చాలు దేవన్నా," అంది జయ బకెట్ ఎత్తుకుంటూ, "పొద్దుగాల మా గోడవతల మీరనుకున్నదంత ఇన్న, ఇగ నన్ను ఏడ్వనియ్యి."