టుంకూ వాళ్ళక్క

"చెడగొట్టినారక్కా! మొత్తం చెడగొట్టి పెట్టినారు!"

గడప దాటకముందే మొదలుపెట్టాడు మునిశేఖర్. నాలుగేళ్ళ కూతురు వెన్నెల వాడి భుజం మీద నిద్రపోతోంది. కుట్టుమిషన్ తొక్కుతున్న కృష్ణవేణి కాలు ఆగిపోయింది. వారం రోజులుగా ఆమె భయపడుతున్నది ఈ మాటకే.

మదనపల్లెలో టుంకూ ఏనుగు సినిమా ఆడుతోంది. పద్దెనిమిదేళ్ళ కిందట ఆదివారం పొద్దున టీవీలో వచ్చిన బొమ్మల సీరియల్‌నే ఇప్పుడు గ్రాఫిక్సులతో తీసి, తెలుగు మాటలు పెట్టి వదిలారు. "పోవద్దురా, పాతవాటిని ఈ కాలమోళ్ళు సరిగ్గా తీయరు" అని తమ్ముడికి ఫోన్లో నాలుగుసార్లు చెప్పింది. వింటే వాడు మునిశేఖర్ ఎందుకవుతాడు? కుప్పం నుంచి పనిగట్టుకుని పోయి చూసి, తిరుగు దారిలో పుంగనూరులో అక్క ఇంటికి వచ్చాడు.

"టుంకూ వాళ్ళమ్మ ఇంట్లోనే ఉండాదంట! సినిమా అంతా లడ్లు చేస్తానే ఉండాది. మందాకు కోసం తొమ్మిది కొండల అవతలికి పోయిన మనిషి ఈడ యాల ఉంటాది? నువ్వే చెప్పు."

"మనిషి కాదురా, ఏనుగు. నీళ్ళు తాగు ముందు."

"నీళ్ళొద్దు. వాళ్ళక్క ఉండాదే, పెద్దేనుగు, దాన్ని దొంగను చేసినారు! మగ గొంతు పెట్టినారు. మీసాలు గూడా!"

కృష్ణవేణికి నవ్వొచ్చింది. వెంటనే భయమూ వేసింది. మీసాలు అప్పుడూ ఉన్నాయి. మగ గొంతూ ఉంది. "అక్కేనుగు మగోళ్ళ మాదిరి యాల మాట్లాడతాది?" అని ఏడేళ్ళ శేఖర్ అడిగితే "జలుబు చేసిందిరా" అని చెప్పింది పదమూడేళ్ళ కృష్ణవేణి. మరి మీసాలో? పొయ్యి ఊదితే అంటుకున్న మసి అని చెప్పింది. వాడు నమ్మాడు.

సీరియల్ హిందీలో వచ్చేది. వీధి మొత్తానికి టీవీ ఉన్నది దేవరాజులు ఇంట్లో. హిందీ వచ్చినవాళ్ళు మాత్రం ఎవరింట్లోనూ లేరు. కృష్ణవేణి మూడు రోజులు హిందీ ట్యూషన్‌కు పోయి మానేసింది, మానేసిన సంగతి తమ్ముడికి చెప్పకుండా, బొమ్మలు చూసి తనకు తోచిందే అర్థంగా చెప్పేది. అప్పటికి అమ్మ క్షయ ఆసుపత్రిలో ఉంది. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. నాన్న టమోటా లారీ మీద పోతే వారానికొకసారి వచ్చేవాడు. అమ్మ యాడ, అమ్మ యాడ అని తమ్ముడు అన్నం మానేస్తే చూడలేక, ఆమె టుంకూ వాళ్ళమ్మను కూడా కొండల అవతలికి పంపించేసింది. లడ్లు చేసే ఏనుగు పిన్ని అయింది, మీసాల దొంగేనుగు అక్క అయింది. శేఖర్ అన్నం తిన్నాడు.

అమ్మ ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. కర్మాంతరం అయ్యాక వచ్చిన ఆదివారం టీవీలో టుంకూ ఎప్పటిలాగే గంతులేస్తున్నాడు. "ఏమంటాండాడక్కా?" అని అడిగాడు శేఖర్. "వాళ్ళమ్మ ఇంక రాదంట. అక్క తోక పట్టుకుని నడువు నాయనా అని చెప్పి పంపిందంట" అంది. ఆ రోజు ఇల్లు చేరేదాకా వాడు ఆమె జడ కొస వదల్లేదు. తర్వాత ఆ సీరియల్‌ను మళ్ళీ మళ్ళీ వేశారు. తొమ్మిదో తరగతికి వచ్చి మూతి మీద నూగు మొలిచినా, ఆదివారం అయిందంటే "చెప్పక్కా" అంటూ పక్కన చేరేవాడు.

ఇప్పుడు శేఖర్ సంచిలోంచి కొత్త లాంగ్‌నోట్‌బుక్కు తీసి మిషన్ మీద పెట్టాడు.

"పేపరుకు రాస్తాం. అసలు కథ ఇదీ, మీరు తీసింది ఇదీ అని. నువ్వు రాయి. మొదటి నుంచి."

"పేపరుకా?" కృష్ణవేణి మిషన్ మీది గుడ్డ సర్దింది. "ఇప్పుడు యాలరా అవన్నీ?"

"వెన్నెల ఈ సినిమానే అసలు కథ అనుకుంటాది గదా! జలుబు, మసి, మందాకు... ఏదీ వదలద్దు."

పేపర్లో వేస్తే ఊరంతా నవ్వుతుంది. నవ్వితే నవ్వారు, దానికి ఆమె సిద్ధమే. కానీ పసితనంలో వాడిని నిలబెట్టిన ఆ ఒక్క మాట అబద్ధమని తెలిస్తే వాడేమైపోతాడు? అదే ఆమె బాధ.

పెన్ను పట్టుకుంది. 'టుంకూ వాళ్ళమ్మకు ఒంట్లో బాగలేదు' అని రాసింది. ఆ పైన అక్షరాలు కనబడలేదు. కళ్ళు తుడుచుకుని పెన్ను పక్కన పెట్టేసింది.

"శేఖరా, పేపరుకు పంపద్దు. సినిమా వాళ్ళు ఏమీ చెడగొట్టలేదు. అసలు కథ అదే. నేనే మార్చి చెప్పినా."

వాడు వెన్నెలను ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"నాకు హిందీ ఒక్క ముక్క రాదురా. అమ్మ చెప్పి పంపిందనింది గూడా నేనే కల్పించినా. నువ్వు అన్నం తినకుండా ఉంటే ఏం చేసేది? తిడతావో కొడతావో నీ ఇష్టం."

శేఖర్ వెన్నెలను మెల్లగా మంచం మీద పడుకోబెట్టాడు. అక్క దగ్గరికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. పెన్ను తీసి మళ్ళీ ఆమె చేతిలో పెట్టాడు.

"రాయక్కా. వెన్నెల లేస్తే అడుగుతాది."

"విన్నావా, నేను చెప్పింది?"

"విన్యా."

"మరి?"

"నాకు ఏడో తరగతిలోనే హిందీ వచ్చేసింది లేక్కా."